నిన్నటి బ్రెడ్డు, నేటి ఫలహారం

వారం మొదట్లో కొన్న బ్రెడ్డు సంచిలో వారాంతానికి ఏం మిగులుతుందని మన సభ్యుల్లో ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది. లోఫుకు అటూ ఇటూ ఉండే రెండు చివరి ముక్కలూ, వాటి మధ్య నాలుగో అయిదో ఎండు ముక్కలూ. పిల్లలు చివరి ముక్కలు ముట్టరు. శాండ్‌విచ్ చేస్తే అంచులు కోసెయ్యమంటారు. పెద్దవాళ్ళకు టోస్టు కొత్త బ్రెడ్డుతో కావాలి. ఇల్లాలో, ఇంటాయనో రెండు రోజులు చూసి, మూడోరోజు సంచి మూతి ముడివేసి, ఎవరి కంటా పడకుండా చెత్తబుట్టలోకి జారవిడుస్తారు.

"ఎవరి కంటా పడకుండా" అని ఊరికే అనలేదు. అదే చేతులతో అన్నం పారబోయాల్సి వస్తే మనకు ప్రాణం చివుక్కుమంటుంది. పాత్రకు అంటుకున్న మెతుకులు కూడా గోకి పెట్టిన ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళం. బ్రెడ్డు దగ్గరకు వచ్చేసరికి ఆ బాధ లేదు, ఉన్నా కొంచెమే. ఇక్కడ పుట్టిన పిల్లలకు అన్నం ఎంతో బ్రెడ్డూ అంతే గదా! వాళ్ళు చూస్తున్నది మనం పారేయడమే. 2021లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం ఆస్ట్రేలియాలో ఏటా వృథా అయ్యే ఆహారం 76 లక్షల టన్నులు, అంటే తలకు 312 కిలోలు. పొలం దగ్గర, ఫ్యాక్టరీలో, దుకాణంలో పోయేది కూడా ఇందులో కలిసి ఉంది. అయినా ఇళ్ళ నుంచి పోయేదే పెద్ద వాటా.

ఎండు బ్రెడ్డుతో ఏం చెయ్యాలో తెలియకపోవడం మన తప్పు కాదు. మన వంటల్లో దానికి చోటు లేదు, అంతే. కోస్తా జిల్లాల్లో, సీమలో పాతతరంవారికి బ్రెడ్డు అంటే జ్వరం పథ్యం. ఒళ్ళు కాలుతుంటే కాంపౌండరు "పాలూ బ్రెడ్డూ పెట్టండి" అని చెప్పి పోయేవాడు. వేడి పాలలో ముంచిన ఆ ముక్క రుచి తలుచుకుంటే నోట్లో థర్మామీటరు ఉన్నట్టే అనిపిస్తుంది. ఆచారం పట్టింపుగా ఉన్న ఇళ్ళలోకైతే బేకరీ రొట్టె గడప దాటి వచ్చేది కాదు. రోగం వస్తే పావు లోఫు తెచ్చే ఇంట్లో మిగలడానికి ఏముంటుంది? మిగలని వస్తువుకు మిగులు వంట ఎలా పుడుతుంది?

హైదరాబాదు సంగతి వేరు. అక్కడ బ్రెడ్డును డబల్ రొట్టె అన్నారు. పిండి పొంగి రెట్టింపు అవుతుంది కనుక ఆ పేరు వచ్చిందంటారు. విందుల్లో దానితోనే డబల్ కా మీఠా చేశారు. దాని దగ్గరకు తరువాత వస్తాను.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పుకోవాలి. మన దేశంలో పట్టణాల్లోని మామూలు ఇళ్ళకు పాకెట్టు బ్రెడ్డును అలవాటు చేసిన వాటిలో ముఖ్యమైనది కేంద్ర ప్రభుత్వం 1965లో పెట్టిన మోడర్న్ బేకరీస్ సంస్థ. దాని బేకరీలకు కొలంబో ప్రణాళిక కింద యంత్రాలు సాయం చేసిన దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి. 2000లో ఆ సంస్థను హిందుస్థాన్ లీవర్ కొనుక్కుంది. అంటే మనలో కొందరు చిన్నప్పుడు జ్వరంలో తిన్న బ్రెడ్డు, మనం ఈ దేశం ముఖం చూడకముందే, ఈ దేశపు యంత్రంలోంచి వచ్చిందన్నమాట!

అసలు విషయానికి వద్దాం. ఎండు బ్రెడ్డు వంట మనకు కొత్తగాని, దాని వెనుక ఉన్న కిటుకు కొత్తది కాదు. చద్దన్నం తెలిసినవారికి అది తెలిసినదే.

రాత్రి మిగిలిన అన్నం పొద్దునకు ఏమవుతుంది? గట్టిపడి, మెతుకు మెతుకూ విడివిడిగా పొడిపొడిలాడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా గట్టిపడుతుంది. నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి ఆవిరి పట్టిస్తే మళ్ళీ మెత్తబడుతుంది. తాలింపు వేసుకోవడానికి వేడి అన్నం కంటే ఈ అన్నమే నయమని ఏ అత్తగారిని అడిగినా చెబుతుంది. బ్రెడ్డులో జరిగేదీ ఇదే. పిండి ఉడికినప్పుడు అందులోని స్టార్చి నీటిని పీల్చుకుని వదులవుతుంది. చల్లారాక ఆ స్టార్చి మెల్లమెల్లగా మళ్ళీ బిగిసి, వరుసలు కట్టి గట్టిపడుతుంది. చాలామంది అనుకున్నట్టు నీరు ఆవిరైపోవడం ఒక్కటే కారణం కాదు. 1852లోనే ఫ్రాన్సులో బూసెంగో అనే రసాయన శాస్త్రజ్ఞుడు, తేమ బయటికి పోకుండా మూసి ఉంచిన రొట్టె కూడా గట్టిపడుతుందని చూపించాడు. దాన్ని మళ్ళీ వేడిచేస్తే మెత్తబడుతుందనీ చూపించాడు. 60 డిగ్రీలు దాటేదాకా వేడిచేస్తే బిగిసిన స్టార్చి చాలామటుకు వదులవుతుంది. నిన్నటి బ్రెడ్డు టోస్టుకు పనికిరావడం అందువల్లే. కాని ఆ మెత్తదనం కాసేపే. చల్లారితే మొదటికంటే మొండికేస్తుంది.

దీనివల్ల మనం తెలుసుకోవలసిన పని ఒకటుంది. బ్రెడ్డును ఫ్రిజ్‌లో పెట్టకండి. స్టార్చి అన్నిటికంటే తొందరగా బిగిసేది ఫ్రిజ్ చలిలోనే, సున్నాకు కాస్త పైన. బయట మూడు రోజుల్లో వచ్చే గట్టిదనం అక్కడ ఒక్కరోజులో వచ్చినా ఆశ్చర్యం లేదు. ఫ్రీజరు వేరు. సున్నాకు 18 డిగ్రీల కిందికి వెళ్ళాక ఈ బిగింపు దాదాపు ఆగిపోతుంది. ఇద్దరే ఉన్న ఇల్లయితే లోఫు తెచ్చిన రోజునే సగం ఫ్రీజరులో పెట్టి, కావలసినప్పుడు ఒక్కో ముక్క తీసి నేరుగా టోస్టరులో వేసుకోవచ్చు. బ్రిస్బేన్, డార్విన్ వైపు వానాకాలపు ఉక్కలో బ్రెడ్డు రెండు రోజులకే బూజు పడుతుందని ఫ్రిజ్ వాడేవారున్నారు. వారికి కూడా ఫ్రీజరే మేలు.

బూజు మాట వచ్చింది గనుక, ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇక్కడే చెప్పేస్తాను. ఎండిన బ్రెడ్డు వేరు, చెడిన బ్రెడ్డు వేరు. గట్టిపడినదాన్ని ఎన్ని రకాలుగానైనా వండుకోవచ్చు. ఒక ముక్క మీద పచ్చగానో నల్లగానో చుక్క కనిపించిందా, దాన్ని వండకూడదు. అంతమేరకు గిల్లి పారేసి మిగిలింది పెట్టడం మన అమ్మల కాలపు పొదుపు. ఆవకాయ జాడీ మీది తెట్టె తీసేసినట్టు బ్రెడ్డుకు చెయ్యడానికి వీల్లేదు. బ్రెడ్డు స్పాంజి లాంటిది. కంటికి కనిపించేది బూజుకు పూత మాత్రమే, దాని దారాలు లోపలికి పాకి ఉంటాయి. కొన్ని బూజులు విషం తయారుచేస్తాయి, ఆ విషాల్లో కొన్ని వేయించినా ఉడికించినా పోవు. సంచి తెరిచి వాసన చూడటం కూడా మంచిది కాదు, ముఖ్యంగా ఉబ్బసం ఉన్నవాళ్ళు. ఎండాకాలంలో ఇంకొకటి కూడా గమనించండి. ముక్క విరిస్తే మధ్యలో జిగటగా దారాలు సాగి, మగ్గిన పండు వాసన వస్తే అది బూజు కాదు, బాక్టీరియా పని. అదీ పారేయవలసిందే.

పాతకాలపు బ్రెడ్డు ముందు ఎండేది, తరువాత బూజు పట్టేది. ఇప్పటి సూపర్‌మార్కెట్ బ్రెడ్డు కొంత తికమక పెడుతుంది. సంచి మీది చిన్న అక్షరాల్లో 471, 481 అన్న అంకెలు కనిపిస్తే అవి బ్రెడ్డును మెత్తగా ఉంచేవి. 282 ఉంటే అది బూజును వెనక్కి నెట్టేది. మెత్తగా ఉంది గనుక తాజాగా ఉందని ఇటువంటి బ్రెడ్డును నమ్మకూడదు, కళ్ళతో చూడాలి. తేదీ విషయంలో మాత్రం కంగారు అక్కరలేదు. "బెస్ట్ బిఫోర్" అంటే ఆ తేదీ దాకా నాణ్యత బాగుంటుందని అర్థం. అది దాటితే విషమని కాదు. విషయం "యూజ్ బై" అయితే వేరు, దాన్ని దాటకూడదు. వారంలోపే నిలవుండే బ్రెడ్డు మీద ఆ రెండూ లేకుండా ఎప్పుడు కాల్చారో ఆ తేదీ వెయ్యడానికి కూడా ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. అది చూసి గడువు దాటిపోయిందని పారేసినవారు నాకు తెలుసు.

ఇక వంటలు. కొలతలు నలుగురికి ఒకపూట ఫలహారానికి సరిపడేవి.

అన్నిటికంటే ముందు ఉప్మా. బ్రెడ్డు ఉప్మా చాలామంది చేస్తారు, చాలామందికి ముద్దవుతుంది. కారణం తాజా బ్రెడ్డుతో చెయ్యడం. తాజా ముక్క తడి తగలగానే పిండిగా మారుతుంది. రెండుమూడు రోజులు ఎండిన ముక్కే ఉప్మాకు యోగ్యం. ఎనిమిది ముక్కలు, చివరివి, అంచులు అన్నీ కలిపి, అర అంగుళం చదరాలుగా కొయ్యండి. చేత్తో తుంపకండి, తుంపితే పొడి రాలి అడుగంటుతుంది. వెడల్పాటి పళ్ళెంలో పరచి, పావు కప్పు పుల్లమజ్జిగలో చిటికెడు పసుపు కలిపి వేళ్ళతో చిలకరించండి. తడపడం కాదు, చిలకరించడం. అయిదు నిమిషాలు వదిలేస్తే గట్టి ముక్క ఆ తడిని నిదానంగా లోపలికి తీసుకుంటుంది. ఈలోగా మూకుట్లో మూడు పెద్ద చెంచాల నూనె వేసి, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, జీడిపప్పు పోపు పెట్టండి. అల్లం, నాలుగు పచ్చిమిరపకాయలు, కరివేపాకు, రెండు ఉల్లిపాయల తరుగు వేసి వేయించండి. టమాటా వేసుకునేవారు అది మగ్గి నీరంతా ఇగిరిపోయి నూనె తేలేదాకా ఆగాలి. ఇక్కడ తొందరపడితే మళ్ళీ ముద్దే. ఉప్పు మామూలులో సగం చాలు, బ్రెడ్డులోనే ఉప్పుంది. అప్పుడు ముక్కలు వేసి, సన్నని సెగన, గరిటెతో కాక అట్లకాడతో కిందినుంచి పైకి తిరగేస్తూ నాలుగైదు నిమిషాలు ఉంచండి. అంచులు కాస్త కరకరలాడాలి, నడుమ మెత్తగా ఉండాలి. దించాక నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లండి. తియ్యగా ఉండే తెల్ల బ్రెడ్డుకు ఈ పులుపు తప్పనిసరి. గింజలున్న ముదురు బ్రెడ్డయితే ఇంకా రుచి, షుగరున్నవారికీ అదే నయం. బిగిసిన స్టార్చి కాస్త నెమ్మదిగా అరుగుతుందని చెబుతారు గాని, ఆ ధైర్యంతో రెండో ప్లేటు పెట్టుకోకండి.

ముక్కలు మరీ రాయిలా ఎండితే ఉప్మా మాని అట్టు పొయ్యండి. ఆరు ముక్కలు ముప్పావు కప్పు పుల్లపెరుగులో, కప్పున్నర నీళ్ళలో నానేసి, ఒక కప్పు బొంబాయి రవ్వ, అర కప్పు వరిపిండి కలిపి ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి, ఉప్పు వెయ్యండి. దోసెలా పల్చగా తిప్పితే చిరుగుతుంది. ఊతప్పంలా మందంగా పోసి, పైన ఉల్లిపాయలు చల్లి, మూత పెట్టి, మధ్యరకం సెగన కాల్చాలి. ఇక్కడి చాలా బ్రెడ్లలో చక్కెర ఉంటుంది గనుక తొందరగా మాడుతుంది, కనిపెట్టి ఉండండి. పప్పు నానబెట్టడం మరిచిపోయిన ఆదివారాలకు ఇది బాగా ఆదుకుంటుంది.

ఆవడలకు బదులు బ్రెడ్డుతో చేసే పెరుగు వడ ఎండాకాలానికి బాగుంటుంది. ముక్కల్ని గాజుగ్లాసు అంచుతో గుండ్రంగా నొక్కి కొయ్యండి. కోసిన పోచలు పారేయవద్దు, పొడికి పనికొస్తాయి. గుండ్రాలను ఓవెనులో 160 డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలు కరకరలాడేదాకా ఎండబెట్టండి. నూనె చుక్క అక్కరలేదు. గిలకొట్టిన పెరుగులో అల్లం పచ్చిమిర్చి ముద్ద, ఉప్పు కలిపి, ఆవాలు ఇంగువ పోపు పెట్టి, తినడానికి పది నిమిషాల ముందు మాత్రమే వాటి మీద పొయ్యండి. మినప గారెల్లా రాత్రంతా ఊరబెడితే పొద్దునకు పెరుగు పచ్చడే మిగులుతుంది. పండగ భోజనాలకు ఇది తెచ్చేవారు పెరుగూ ముక్కలూ విడిగా తెచ్చి, పెరుగును ఐసు పెట్టెలోనే ఉంచండి. 40 డిగ్రీల ఎండలో హాలు బల్లమీద నాలుగు గంటలు దాటి నిలిచిన పెరుగు వంటకాన్ని, ఎంత మొహమాటమైనా, తిరిగి ఇంటికి తీసుకుపోకండి.

పొడి చెయ్యడం అన్నిటికంటే సుళువు. అంచులు, పోచలు, చివరి ముక్కలు ఓవెనులో 120 డిగ్రీల దగ్గర అరగంట ఎండబెట్టి, చల్లారాక మిక్సీ పట్టి, తేమ తగలని సీసాలో పోసుకోండి. కట్లెట్లకు సరే, అందరికీ తెలిసినదే. నేను ఎక్కువగా వాడేది వేపుళ్ళకు. మేము మెల్బోర్న్‌లో మొదట అద్దెకున్న ఇంటి పక్కన దక్షిణ ఇటలీ నుంచి వచ్చిన ముసలావిడ ఉండేది. ఆవిడ వెల్లుల్లి వేసిన నూనెలో రొట్టెపొడి ఎర్రగా వేయించి పాస్తా మీద చల్లేది. చీజు కొనలేని పేదవారికి వాళ్ళ ఊళ్ళో అదే చీజు అని చెప్పింది. పాస్తా సంగతి నాకంతగా పట్టలేదు గాని, ఆ పొడిని చూడగానే మన వెల్లుల్లికారం గుర్తుకొచ్చింది. రెండు చెంచాల నూనెలో ఒక కప్పు బ్రెడ్డు పొడి ఎర్రబడేదాకా వేయించి దించండి. ఆరు ఎండుమిరపకాయలు, రెండు చెంచాల ధనియాలు, చెంచా జీలకర్ర విడిగా వేయించి, ఆరు వెల్లుల్లి రెబ్బలతో, ఉప్పుతో దంచి అందులో కలపండి. బీన్సు, దొండకాయ, బెండకాయ ఏ వేపుడైనా దించేముందు రెండు గుప్పెళ్ళు చల్లితే శనగపిండి వేసినదానికంటే కరకరలాడుతుంది. గుత్తివంకాయ కూరకు కూడా కొంచెం చింతపండు కలిపి ఇదే కూరవచ్చు. వెల్లుల్లి ఉంటుంది గనుక ఈ కారాన్ని ఫ్రిజ్‌లో ఉంచి వారంలో అయిపోగొట్టండి.

ఆ ఇటలీ ఆవిడ ఒక్కతే కాదు. చుట్టూ చూస్తే ఈ దేశానికి వచ్చిన వారందరి సంచుల్లోనూ ఎండు రొట్టె వంట ఒకటి ఉంది. లెబనాన్ వారు ఎండిన రొట్టెను కరకరలాడించి కూరముక్కల్లో కలిపి ఫత్తూష్ అంటారు. ఇటలీలోనే టస్కనీ వారు ఎండు రొట్టెను తడిపి టమాటాలతో పాంజనెల్లా చేస్తారు. ఇంగ్లీషువారి బ్రెడ్ అండ్ బటర్ పుడ్డింగు సరేసరి, కోడిగుడ్డు తినేవారికి అదొక మంచి దారి. ఈ దేశపు ముద్దుబిడ్డ వెజిమైట్ మాత్రం? బీరు తయారీలో మిగిలిన ఈస్టును ఏం చెయ్యాలా అని మెల్బోర్న్‌లో సిరిల్ కాలిస్టర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసినది. 1923లో అమ్మకానికి వచ్చింది. దాన్ని నోట్లో పెట్టుకుని మన అమ్మమ్మలు పడే అవస్థ వేరే కథ.

డబల్ కా మీఠా పండగనాటి వంట. పది ముక్కలు ఒక రాత్రంతా పళ్ళెంలో ఆరబెట్టాలి. తాజా బ్రెడ్డయితే పాకంలో పడగానే కరిగిపోతుంది. హైదరాబాదు వంటవాళ్ళు నేతిలో ముంచి వేయిస్తారు. ఇంట్లో మనం రెండువైపులా నెయ్యి రాసి ఓవెనులో ఎర్రగా కాల్చినా సరిపోతుంది, నెయ్యి సగానికి సగం కలిసివస్తుంది. కప్పు చక్కెర, కప్పు నీళ్ళు మరిగించి, వేలికి జిగురు తగిలే పాకం పట్టి, ఏలకుల పొడి వేసి, ముక్కల మీద వేడిగా పొయ్యండి. లీటరు పాలు సగమయ్యేదాకా కాచి, కుంకుమపువ్వు వేసి, ముక్కలు పాకం పీల్చుకున్నాకనే పైన పోసి, సన్నని సెగన పాలు ఇగిరేదాకా ఉంచండి. ముందు పాలు పోస్తే పాకం లోపలికి దిగదు. జీడిపప్పు, బాదంపప్పు మీ దయ.

ఇక మిగిలినది పక్షుల సంగతి. ఎండు బ్రెడ్డు సంచి పట్టుకుని పిల్లలతో చెరువుగట్టుకు వెళ్ళి బాతులకు వెయ్యడం మన కుటుంబాల్లో చాలామందికి ఆదివారపు పుణ్యకార్యం. కాకికి ముద్ద పెట్టి, పిచ్చుకలకు వరికంకులు కట్టిన వాళ్ళం కనుక అది సహజమే. కాని బ్రెడ్డుతో బాతుల కడుపు నిండుతుంది గాని, వాటికి కావలసిన పోషణ అందదు. తినకుండా మిగిలింది నీళ్ళలో కుళ్ళి చెరువును పాడుచేస్తుంది, గట్టు మీద ఎలుకలను పోగుచేస్తుంది. మ్యాగ్‌పైలకు కూడా బ్రెడ్డు మంచిది కాదు. పిల్లలకు పక్షుల్ని చూపించండి, సంచి మాత్రం ఇంట్లో వదిలి వెళ్ళండి.

బూజు పట్టినదాన్ని ప్లాస్టిక్ సంచిలోంచి తీసి, మీ కౌన్సిలు వంటింటి చెత్తను కూడా తీసుకునేదయితే, ఆకుపచ్చ మూత బిన్నులో వెయ్యండి. న్యూ సౌత్ వేల్స్‌లో 2030 జూలై నాటికి ప్రతి కౌన్సిలూ ఇళ్ళకు ఆ ఏర్పాటు చెయ్యాలని చట్టం వచ్చింది. మిగతాచోట్ల ఊరికో పద్ధతి ఉంది, మీ కౌన్సిలు వారినే అడిగి తెలుసుకోండి. సంచితో సహా వేస్తే మాత్రం ఎక్కడా ఒప్పుకోరు.